ఆఫీసులో టెర్మినల్ ఒక్కటే వాడితే తప్పా? లీడ్ ఐడీఈ పెట్టుకోమంటున్నారు

పటమట_కుర్రాడు:
అందరికీ నమస్కారం. విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర ఒక చిన్న కంపెనీలో బ్యాకెండ్ పని (సర్వర్ వైపు కోడ్) చేస్తున్నాను. లైనక్స్ మీద కోడ్ రాయడానికి విమ్, కనెక్షన్ పోయినా పని ఆగకుండా టీమక్స్, మార్పులు దాచుకోడానికి గిట్, వెతకడానికి గ్రెప్, నాలుగు బ్యాష్ స్క్రిప్టులు, అంతే. కోడ్ రాయడం నుంచి సర్వర్‌లో పెట్టడం దాకా అన్నీ టెర్మినల్లోనే, అంటే కమాండ్లు టైపు చేసే తెరలోనే. పని ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు. ఇప్పుడు మా లీడ్ గారు "సోమవారం నుంచి టీమంతా ఒకే ఐడీఈ, నువ్వు కూడా పెట్టుకో" అన్నారు (కోడ్ రాయడం, నడపడం అన్నీ ఒకే విండోలో ఉండే సాఫ్ట్‌వేర్). ఎందుకండీ అంటే "అందరూ ఒకలా ఉండాలి" అన్నారు తప్ప ఇంకేం చెప్పలేదు. అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. సీనియర్లు చెప్పండి, నేను చేస్తున్నది తప్పా?

బ్రాడీపేట_విమ్:
తప్పేం లేదు తమ్ముడూ, ధైర్యంగా ఉండు. విమ్‌కి మూలమైన వీఐ 1976లో బిల్ జాయ్ రాసింది. గ్రెప్ అంతకన్నా ముందుది, 1973. విమ్ 1991లో వచ్చింది. ఈలోపు ఎన్ని ఐడీఈలు వచ్చి పోయాయో. చదువుకునే రోజుల్లో నేర్చుకున్న కీలే ఈరోజుకీ నాకు అన్నం పెడుతున్నాయి.

ఒక సంగతి చెప్తాను. గుంటూరు నుంచి విజయవాడకి ప్యాసింజర్లో వస్తున్నాను. సర్వర్లో డేటాబేస్ మార్పు ఒకటి నడుస్తోంది, ఇంకా సగంలో ఉంది. మంగళగిరి దాటాక సిగ్నల్ పోయింది, సర్వర్‌తో ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ తెగిపోయింది. టీమక్స్‌లో పెట్టాను కాబట్టి అక్కడ పని ఆగలేదు. కృష్ణ బ్రిడ్జి మీదకి రాగానే సిగ్నల్ వచ్చింది. మళ్లీ అటాచ్ అయితే నేను వదిలిన తెరే ఎదురుగా ఉంది, మార్పు పూర్తయిపోయి ఉంది.

గిట్ బైసెక్ట్ సంగతి కూడా చెప్పాలి. తప్పు ఏ కమిట్‌లో (గిట్‌లో దాచుకున్న మార్పులో) దూరిందో వెతికే కమాండ్ అది. ఏ కమిట్ దగ్గర బాగుందో, ఏ కమిట్ దగ్గర పాడైందో చెప్తే మధ్యది తీసి పరీక్షించమంటుంది. ప్రతిసారీ సగం వదిలించుకుంటూ పోతుంది. 1000 కమిట్లున్నా 10 పరీక్షల్లో దొంగ దొరుకుతుంది. టెస్టు స్క్రిప్టు చేతికిస్తే తనే వెతికి పట్టిస్తుంది.

లబ్బీపేట_లీడ్:
నేనూ టీమ్ లీడ్‌నే, రెండో పక్క కూడా వినండి. బైసెక్ట్ గిట్‌ది. ఐడీఈలో కూడా కింద టెర్మినల్ ఉంటుంది, అక్కడ కొట్టుకోవచ్చు. నా ప్రశ్న ఒక్కటే. జావాలో 200 ఫైళ్ల ప్రాజెక్టు. అందులో ఒక మెథడ్ (కోడ్‌లో ఒక పని చేసే ముక్క) పేరు మార్చాలి. ఎలా మారుస్తారు, అక్షరాలు చూసి మార్చేసే సెడ్ కమాండ్‌తోనా? మా దగ్గర ఒకాయన 'స్టేటస్' అనే పేరుని అలాగే ఫైళ్లన్నిట్లో మార్చేశాడు. కోట్స్ మధ్య ఉన్న ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష) లోని కాలమ్ పేరు కూడా మారిపోయింది. కంపైలర్ కోట్స్ లోపలి జోలికి పోదు కాబట్టి బిల్డ్ పాసైంది. కస్టమర్ ఆర్డర్ల పేజీ తెరిచినప్పుడు బయటపడింది. ఏది మెథడ్, ఏది ఉత్త అక్షరాలు అన్నది ఐడీఈకి తెలుసు. సెడ్‌కి తెలీదు.

తెనాలి_డిప్లొమా:
నా ల్యాప్‌టాప్ 4 జీబీ ర్యామ్ అండీ. ఐడీఈ, బ్రౌజర్ రెండూ తెరిస్తే మౌస్ కూడా కదలదు. విమ్ ఉండబట్టే ప్రాజెక్టు పూర్తిచేశాను.

బ్రాడీపేట_విమ్:
లబ్బీపేట గారూ, మీరు సెడ్ దగ్గరే ఆగిపోయారు. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ని 2016లో మైక్రోసాఫ్ట్ వాళ్లే బయటపెట్టారు. కోడ్‌ని అర్థం చేసుకునే ప్రోగ్రామ్ వేరు, ఎడిటర్ వేరు, రెండూ మాట్లాడుకుంటాయి. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో 2021లో వచ్చిన 0.5 నుంచి ఆ సర్వర్‌తో మాట్లాడే భాగం లోపలే ఉంది. మీ ఐడీఈ చేసే పేరు మార్పు నేను టెర్మినల్లోనే చేస్తాను, కోట్స్ మధ్యది కదలదు.

లబ్బీపేట_లీడ్:
అంటే టెర్మినల్లో ఐడీఈ కట్టుకున్నారన్నమాట. మరి కమాండ్ లైన్ ఒక్కటే అన్న మాట ఎక్కడ నిలబడింది?

బ్రాడీపేట_విమ్:
లాంగ్వేజ్ సర్వర్ కూడా టెర్మినల్ నుంచి నడిచే ప్రోగ్రామే. దానికి విండో లేదు, బటన్ లేదు. మాట నిలబడే ఉంది.

లబ్బీపేట_లీడ్:
జావాకి ఎక్కువమంది వాడే లాంగ్వేజ్ సర్వర్ ఎక్లిప్స్ అనే ఐడీఈ కోడ్ మీద కట్టింది. ఐడీఈ గుండెకాయ తెచ్చి పెట్టుకుని ఐడీఈ వద్దంటే ఎలాగండీ?

గన్నవరం_ఆండ్రాయిడ్:
మొబైల్ యాప్ స్క్రీన్ ఎలా వచ్చిందో టెర్మినల్లో చూడలేం. అడిగిన అబ్బాయిది బ్యాకెండ్ కాబట్టి ఈ చర్చ నడుస్తోంది.

మొగల్రాజపురం_వాణి:
నా పని తెలుగు టెక్స్ట్‌తో. పదాలు వెతకడం, లెక్కపెట్టడం, డూప్లికేట్లు తియ్యడం, అన్నిటికీ గ్రెప్, సార్ట్, యూనిక్ వాడతాను. లక్షల లైన్లున్నా చకచకా అయిపోతుంది, ఈ పనికి టెర్మినల్‌ని మించింది లేదు. కానీ చదవాలంటే నరకం. టెర్మినల్ తెరని గళ్లుగా కోసి, అక్షరాలన్నీ ఆ గళ్లలో సర్దాలని చూస్తుంది. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. చాలా టెర్మినళ్లలో ఒత్తులు విడిపోయి పక్కకి జరుగుతాయి. కర్సర్ ఒకచోట కనపడుతుంది, కొట్టిన అక్షరం ఇంకోచోట పడుతుంది. అచ్చుతప్పు దిద్దబోతే కొత్త తప్పు చేరుతుంది. అందుకే వెతకడం టెర్మినల్లో, దిద్దడం బయట మామూలు ఎడిటర్లో. ఒక్కటే వాడాలన్న పట్టుదల నా పనిలో కుదరదు.

బ్రాడీపేట_విమ్:
వాణి గారూ, ఎంఎల్‌టర్మ్ అనే టెర్మినల్ పెట్టి చూడండి, మన లిపులకి కొంత నయం.

లబ్బీపేట_లీడ్:
తెలుగువాడికి తెలుగు సరిగ్గా కనపడని పాత పనిముట్టుని ఇంకా నెత్తిన పెట్టుకోవడం ఎందుకు? కాలంతో పాటు మారాలి.

బ్రాడీపేట_విమ్:
ఈ మాట నాకు కొత్త కాదు. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేసేటప్పుడు అప్రైజల్ రోజున మేనేజర్ నా ల్యాప్‌టాప్ వైపు చూసి, ఈ నల్ల తెరతో ఇంకా ఎన్నాళ్లు, అప్‌డేట్ అవ్వాలి కదా అన్నారు. ఆ ఏడాది టీమ్‌లో అందరికన్నా ఎక్కువ టికెట్లు క్లోజ్ చేసింది నేను. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేపింది నేను. రేటింగ్ వెళ్లింది ఇంకొకరికి. నేనేం చేశానో చూడలేదు, నా స్క్రీన్ ఎలా కనపడుతోందో చూశారు. మానేసి గుంటూరు వచ్చేశాను. మీలాంటి లీడ్లు కుర్రాళ్లని ఇలాగే నలిపేస్తుంటే నేను నోరు మూసుకుని కూర్చోను.

లబ్బీపేట_లీడ్:
"మీలాంటి లీడ్లు" అనకండి. నా సంగతి మీకేం తెలుసు? మా టీమ్‌లోనూ ఒక సీనియర్ ఉండేవాడు, అచ్చం మీలాగే టెర్మినల్ మనిషి. చెయ్యి తిరిగినవాడు, కాదనను. డిప్లాయ్‌మెంట్ (కోడ్ సర్వర్‌లో పెట్టడం) అంతా ఆయన పెట్టుకున్న రెండక్షరాల ఆలియాస్‌లు (పొడవు కమాండ్లకి పొట్టి పేర్లు), ఆయన హోమ్ ఫోల్డర్లో ఉన్న స్క్రిప్టులు. ఉద్యోగం మారాడు, ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసి ఇచ్చేశాడు. నెలాఖరు రిలీజ్ రోజున ఆ ఆలియాస్ దేన్ని పిలుస్తుందో మాలో ఒక్కరికీ తెలీదు. సర్వర్లో మిగిలిన బ్యాష్ హిస్టరీ తీసి, ఒక్కో కమాండూ పేర్చుకుంటూ తెల్లవారేదాకా కూర్చున్నాం. నాతో పాటు కూర్చున్న అమ్మాయికి ఇంట్లో చంటిబిడ్డ. నా బాధ తెర రంగు గురించి కాదండీ. మనిషి లేని రోజున పని నడుస్తుందా లేదా, అదొక్కటే నాకు కావాలి.

పటమట తమ్ముడూ, దాచకుండా చెప్పు. నువ్వు సెలవు పెడితే డిప్లాయ్ ఎవరు చేస్తారు?

పటమట_కుర్రాడు:
ఎప్పుడూ నేనే చేస్తానండీ. దసరాకి ఊరెళ్లినప్పుడు లీడ్ గారు ఫోన్ చేశారు. నేను కమాండ్లు చెప్తుంటే ఆయన కొట్టారు, అయిపోయింది. అది ఇబ్బంది అని నాతో ఎప్పుడూ అనలేదు.

లబ్బీపేట_లీడ్:
అదీ సంగతి. ఆయన అసలు కారణం చెప్పకుండా ఐడీఈ పెట్టుకోమన్నారు. చెప్పి ఉండాల్సింది.

బ్రాడీపేట_విమ్:
ఆ జబ్బుకి ఐడీఈ మందు కాదు. రన్ బటన్ వెనక ఉండే సెట్టింగులు కూడా ఒకడి మెషీన్‌లోనే మిగిలిపోవచ్చు. తమ్ముడూ, నీ స్క్రిప్టులన్నీ రెపోలో, అంటే టీమంతా పంచుకునే గిట్ ఫోల్డర్లో పెట్టు. ఏ పేరుకి ఏ కమాండ్లు నడవాలో చెప్పే మేక్‌ఫైల్ రాయి. మేక్ టెస్ట్, మేక్ డిప్లాయ్, అంతే. పాస్‌వర్డ్లు మాత్రం అందులో పెట్టకు. ఐడీఈ వాడేవాళ్లు కూడా అదే కొడతారు. ఇక ఎవరి ఎడిటర్ వాళ్లది.

లబ్బీపేట_లీడ్:
స్క్రిప్టుల వరకు సరే. పక్కన కూర్చుని నేర్చుకునే జూనియర్ సంగతేంటి? మీరు మూడు కీలు నొక్కితే ఫైలు మారిపోతుంది, ఏం జరిగిందో ఆ పిల్లవాడికి అంతుపట్టదు. నేర్పడం కూడా లీడ్ పనే. అందరిదీ ఒకే తెర అయితే నేర్పడం తేలిక. ఈ మాట మీద నేను తగ్గను.

బ్రాడీపేట_విమ్:
నేర్పే ఓపిక ఉన్నవాడు ఆగి, ఏ కీ ఎందుకు నొక్కాడో చెప్తాడు. దానికి అందరి తెరా ఒకటి కానక్కర్లేదు. నేనూ తగ్గను.

పటమట_కుర్రాడు:
మేక్‌ఫైల్ ఈ రాత్రికి రాస్తానండీ. సోమవారం లీడ్ గారికి చూపించి, విమ్ తియ్యమంటే మాత్రం ఒప్పుకోనని చెప్తాను.

లబ్బీపేట_లీడ్:
ఆయనకి చూపించే ముందు ఒక పని చెయ్యి. మీ టీమ్‌లో విమ్ రానివాళ్లని ఒకరిని కూర్చోబెట్టి, నువ్వు నోరు మెదపకుండా, వాళ్ల ల్యాప్‌టాప్ నుంచే టెస్ట్ సర్వర్‌కి డిప్లాయ్ చేయించు. ఎక్కడ ఆగారో ఇక్కడ రాయి.