‘మన్నించు’ అంటే క్షమించడమా, గౌరవించడమా?

అందరికీ నమస్కారం. చెన్నైలో, పెరంబూరులో ఉంటాం. మొన్న వేసవిలో లారీ నీళ్ల దగ్గర పక్కింటావిడకీ నాకూ మాటామాటా పెరిగింది. సంపు నిండకముందే మోటారు వేసి నీళ్లు లాగేశామని నలుగురిలో నన్ను దొంగ అంది. వేసింది మేము కాదు. నిజం తెలిశాక మెట్ల దగ్గర ఆగి తమిళంలో ‘మన్నిచ్చిడుంగ’ (క్షమించండి) అంది. తలూపాను గానీ ఆ తర్వాత నెలల తరబడి ఆ గుమ్మం వైపు చూడలేదు.

నవరాత్రులకి కొలువు పెట్టి పిలిచింది. వెళ్లనన్నాను. మా అత్తయ్యగారు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ. ‘ఆమె మాట మన్నించమ్మా’ అన్నారు.

‘అంత మాట ఎలా మన్నించను అత్తయ్యా?’ అన్నాను.

‘అన్న మాట కాదమ్మా, పిలిచిన మాట.’

నాకు నోట మాట రాలేదు. తమిళంలో ‘మన్నిప్పు’ అంటే క్షమాపణే. మనకి ‘తప్పు మన్నించండి’ ఉంది, ‘విన్నపం మన్నించి’ ఉంది, ‘పాఠకుల మన్ననలు’ ఉన్నాయి. 1852లో ఈ ఊళ్లోనే అచ్చయిన బ్రౌన్ నిఘంటువులోనూ రెండర్థాలున్నాయి. కన్నడ ‘మన్నిసు’ కూడా అంతే. ‘క్షమ’లో ఉన్నది ఓర్పు. భూమిని సర్వంసహ అన్నట్టు, భరించడం. ఎదుటివాళ్ల మర్యాద ఊసు అందులో లేదు. మెట్ల దగ్గర నేను చేసింది ఓర్చుకోవడం. మన్నించడం మాత్రం కాదని ఇప్పుడనిపిస్తోంది.

మీరేమంటారు?

జవాబు: బాగుందండీ. కానీ క్షమ గురించి చెప్పిన ఈ పద్యంలో వేమన ఈ మాటే వాడలేదు కదా.

చంపదగినయట్టి శత్రువు తన చేత
చిక్కెనేని కీడు సేయరాదు
పొసగ మేలు చేసి పొమ్మనుటే చాలు
విశ్వదాభిరామ వినుర వేమ

పొమ్మంటే సరిపోయిందిగా. ఇందులో గౌరవం ఎక్కడుంది?

నా సమాధానం: ‘పొసగ’లో ఉందండీ. పొసగడమంటే ఒప్పడం, తగి ఉండడం. చేసే మేలు కూడా ఎదుటివాడికి తగినట్టు చేయమన్నాడు, విసిరి పారేయమనలేదు. అయితే శత్రువుని పొమ్మనొచ్చు, పక్కింటావిడని ఎక్కడికి పొమ్మంటాం? తెల్లారితే మళ్లీ అవే మెట్లు.

ఇంకో జవాబు: మా చెల్లి పెళ్లిలో అమ్మ వియ్యాలవారి చేతులు పట్టుకుని ‘ఏ లోటున్నా కడుపులో పెట్టుకోండి, మనసులో పెట్టుకోకండి’ అంది. రెండూ పెట్టుకోవడమే. ఒకటి పెట్టుకోమంటాం, ఇంకోటి వద్దంటాం. ఎందుకంటారు?

నా సమాధానం: ఎంత మంచి మాట గుర్తు చేశారండీ! ‘కడుపులో పెట్టుకుని చూసుకోవడం’ అనీ అంటాం కాబట్టి ఇక్కడ కడుపంటే బిడ్డని మోసే చోటని నా ఊహ. మా అత్తయ్యగారిని అడిగితే వేరేగా చెప్పారు: కడుపులోది అరిగిపోతుంది, మనసులోది అరగదు. ఇద్దరిలో ఎవరిది సరైనదో తేల్చలేను గానీ, ఆవిడ చెప్పిందే నాకు నచ్చింది.

కొలువుకి వెళ్లాను. తాంబూలం, రవికెల గుడ్డ, సుండల్ పొట్లం చేతిలో పెట్టింది. సంపు సంగతి ఇద్దరం ఎత్తలేదు. మర్నాడు మోటారు వేసే ముందు ఆవిడే తలుపు కొట్టి ‘వేయనా?’ అని అడిగింది.

హోసూరు, తిరుత్తణి వైపు వాళ్లెవరైనా ఉంటే మీ ఇళ్లలో ‘మన్నించు’ ఏ అర్థంలో వినబడుతుందో రాయండి. పెద్దవాళ్ల నోట విన్న వాక్యం ఉన్నదున్నట్టు పెడితే ఇంకా మంచిది.