పురుగుల క్లోజప్: ఒక్క షాట్ చాలా, స్టాకింగ్ తప్పదా?

సిరొంచ పోరడు
ప్రాణహిత ఒడ్డున పొద్దుగాల తూనీగలు తీస్తున్న. 90 ఎం.ఎం. మాక్రో లెన్స్, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు, అంకె పెరిగితే రంధ్రం చిన్నగైతది). కన్ను షార్ప్‌గ వస్తే తోక పోతది, తోక వస్తే కన్ను పోతది. స్టాకింగ్, అంటే ఫోకస్ జరుపుకుంట తీసిన ఫొటోలన్ని ఒక్కటిగ కలుపుడు, చెయ్యకుంటే కాదని మా దోస్తు అంటడు. నాకేమో ఇరవై ఫొటోలు అతికిచ్చుడు దొంగలెక్క అనిపిస్తది. మీరేమంటరు?

పర్లాకిమిడి మాస్టారు
దొంగలెక్కేటి బాబూ? ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరాలో 1:1 దగ్గర, అంటే పురుగు అసలు సైజులోనే సెన్సార్ మీద పడేటప్పుడు, ఎఫ్/8 పెడితే షార్ప్‌గా ఉండే మందం మిల్లీమీటరు లోపే. గండుచీమ తలే పూర్తిగా పట్టదు. పోనీ అని ఎఫ్/22కి మూసేస్తే, 1:1లో అది ఎఫ్/44తో సమానం. చిన్న రంధ్రంలో వెలుగు చెదిరి (డిఫ్రాక్షన్) ఫొటో అంతా మెత్తబడిపోద్ది. కన్నూ పోద్ది, తోకా పోద్ది. అందుకే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ ఇరవై తీసి హెలికాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలుపుతాను. లేని కాలు నేనేటీ పుట్టించడం లేదు కదా.

రాయగడ నుంచి
మాస్టారూ, ఇరవై ఫ్రేములదాకా పురుగు ఆగొద్దూ? మా నాగావళి గట్టున గడ్డిపరకే ఆగదు. మొన్న మీరు పెట్టిన మిడతకి ఒక మీసం రెండుగా ఉంది, చూశాను :)

నేను చేసేది ఇది. ఎఫ్/11, షట్టర్ 1/200 సెకను, ఫ్లాష్ తక్కువ పవర్‌లో. అప్పుడు ఫ్లాష్ వెలిగేది సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, చేతి వణుకు ఫొటోలో పడదు. ఆటోఫోకస్ కట్టేస్తాను. ఎడమచేత్తో గడ్డిపరక పట్టుకుని, అదే చేతిమీద లెన్స్ ఆనిస్తాను. గాలొస్తే పురుగూ లెన్సూ కలిసే ఊగుతాయి. ఊపిరి బిగబట్టి రవ్వంత ముందుకి వంగుతాను. కంటిమీద గళ్ళు తేలగానే నొక్కడమే. పదింట్లో తొమ్మిది చెత్తబుట్టకే, అది వేరే సంగతి.

బరంపురం బావ
ఇంత గోలెందుకు? అయిదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, కదిలితే ఒట్టు.

రాయగడ నుంచి
ఫ్రిజ్‌లో పెట్టిన పురుగు కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది, అలవాటున్న కంటికి తెలిసిపోతుంది. పాపం దాన్నెందుకు ఏడిపించడం? డిసెంబరు తెల్లారగట్ట మంచులో తూనీగ ఒళ్ళు వేడెక్కేదాకా ఎగరలేదు. మీరు లేవాలి, అంతే.

పర్లాకిమిడి మాస్టారు
మీసం సంగతి ఒప్పుకున్నానమ్మా. కానీ నీ ఒక్క షాట్‌లో తోక పోదా?

రాయగడ నుంచి
పక్కనుంచి తీస్తే పోదు. కన్నూ తోకా సెన్సార్‌కి సమదూరంలో ఉండాలి, ఒక చివర కొంచెం వంకరైనా చెడుతుంది. పైగా సెన్సార్ వెడల్పు 36 మిల్లీమీటర్లే. అయిదు సెంటీమీటర్ల తూనీగ 1:1లో పట్టనే పట్టదు. వెనక్కి జరగాల్సిందే. జరిగితే మందం దానంతటదే పెరుగుతుంది. మాస్టారి లెక్క చీమలకి సరే, ఈ తమ్ముడు అడిగింది తూనీగ గురించి.

సిరొంచ పోరడు
అక్కా, ఇయ్యాల పోయిన. పక్కకెల్లి ఎఫ్/11ల తల నుంచి తోకదాక ఒక్క షాట్‌ల పడ్డది! ఎదురుంగ మొఖం మాత్రం ఎన్నిసార్లు తీసినా రాలె. దానికి మాస్టారు చెప్పినట్టే ఆరు ఫ్రేములు అతికిచ్చిన. తూనీగ కదల్లె గని నేనే బురదల జారిన. ఫొటో కింద ‘స్టాక్, 6 ఫ్రేములు’ అని రాసిన. గట్ల రాస్తే దొంగలెక్క కాదు గదా?