నోటిపూత వేడి వల్లనా, వంశం వల్లనా?

చిక్కడపల్లి అమ్మ: ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి పరీక్షలు దగ్గరపడిన ప్రతిసారీ కింది పెదవి లోపల పూత వస్తోంది. ఆ వయసులో నాకూ ఇలాగే వచ్చేది. మా అత్తగారు వేడి చేసిందని ఆవకాయ మాన్పించడమే కాక, అంటుకుంటుందని దాని గ్లాసు కూడా వేరు చేశారు. ఏది నిజం?

కొత్తపేట మాస్టారు: ముమ్మాటికీ వేడే. సబ్జా గింజలు, పలుచని మజ్జిగ ఇవ్వండి. వారంలో తగ్గకపోతే నన్నడగండి.

దంతవైద్య విద్యార్థిని: మాస్టారూ, మామూలు పూత ఏ మందూ లేకుండానే ఒకటి రెండు వారాల్లో మానిపోతుంది, పేరు మజ్జిగకు వస్తోంది. అమ్మా, టార్చి వేసి చూడండి. సెంటీమీటరు లోపు గుండ్రంగా, మధ్యలో తెల్లగానో పసుపుగానో, చుట్టూ ఎర్రటి అంచుతో పెదవి లోపలో బుగ్గ లోపలో నాలుక అడుగునో ఉంటే అది పూతే, అంటుకోదు. అంటుకునేది పెదవి బయట నీటి పొక్కులుగా వచ్చే హెర్పిస్. పూత చాలామందికి పది నుంచి ఇరవై ఏళ్ళ మధ్య మొదలవుతుంది. తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ. మాటిమాటికీ వస్తుంటే ఐరన్, బి12, ఫోలేట్ తక్కువయ్యాయేమో రక్తపరీక్షలో చూడాలి.

కొత్తపేట మాస్టారు: అయితే మజ్జిగ తాగవద్దంటారా?

దంతవైద్య విద్యార్థిని: ఆ మాట నేనెక్కడా అనలేదు.

ఉప్పల్ కుర్రాడు: మా ఇంట్లో అందరికీ బీ కాంప్లెక్సే.

కొత్తపేట మాస్టారు: మజ్జిగ సంగతి దాటవేస్తున్నారు.

తార్నాక వాసి: వేడి అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. గుట్కా నమిలే మా మేనమామకు నాలుక పక్కన గట్టి అంచుతో, నొప్పి లేని పుండు లేస్తే, వేడేనని నాలుగు నెలలు కలబంద రసం తాగించారు. ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి సగం నాలుక తీసేయవలసి వచ్చింది. మీలాంటి వారి సలహాలే అందుకు కారణం.

కొత్తపేట మాస్టారు: గుట్కా చేసిన పాపాన్ని నా మజ్జిగకు అంటగట్టకండి. 15 ఏళ్ళు కాల్చిన సిగరెట్టు మానేసిన పక్షం రోజులకే నాకు నోటినిండా పూత లేచింది. ఆ మాట చెబితే డాక్టరుగారు నోరు తెరవమనైనా అనకుండా, సిగరెట్టు మానితే పూత వస్తుందా అని నవ్వి, మాత్రలు రాసి పంపించారు. ఆనాటి నుంచి మీ వాళ్ళ మాట నేను వినడం లేదు.

దంతవైద్య విద్యార్థిని: ఆయన నవ్వడం తప్పు. పొగతాగేవారి నోటి లోపలి పొర కాస్త గట్టిపడుతుంది, అందుకే వారిలో పూత తక్కువ, మానేసిన కొత్తలో కొందరికి మొదలవుతుంది అని మా పాఠాల్లోనే ఉంది. (దయచేసి మళ్ళీ కాల్చకండి.) తార్నాక వారు చెప్పినట్టు, మూడు వారాలైనా మానని పుండును మాత్రం అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాలలోనైనా చూపించి తీరాలి.

కొత్తపేట మాస్టారు: ఈ ముక్క ఆయనే చెప్పి ఉంటే సరిపోయేది. మజ్జిగ మాత్రం మాననండి.

చిక్కడపల్లి అమ్మ: టార్చి వేసి చూశాను. మినపగింజంత తెల్లమచ్చ, చుట్టూ ఎర్రగా ఉంది. గ్లాసు మిగతావాటిలో కలిపేశాను; అత్తగారు ఇంకా చూడలేదు.