అప్‌డేట్: బీ650 బోర్డు, రైజెన్ 5 9600ఎక్స్ - డిస్‌ప్లే వచ్చేసింది

బీ650 మదర్‌బోర్డు, ఏఎండీ రైజెన్ 5 9600ఎక్స్ ప్రాసెసర్‌తో ఉన్న నా కొత్త గేమింగ్ పీసీ ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు, బోర్డు మీద సీపీయూ దగ్గర ఎర్ర లైటు ఆరట్లేదు అని అడిగాను కదా. సమస్య తీరిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది బయోస్ ఫ్లాష్‌బ్యాక్, అంటే బోర్డును నడిపించే ప్రాథమిక సాఫ్ట్‌వేర్ (బయోస్)ని పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా అప్‌డేట్ చేయడం. బీ650 బోర్డులు 2022లోనే వచ్చాయి, నా 9600ఎక్స్ ఉన్న 9000 సిరీస్ ప్రాసెసర్లు 2024 ఆగస్టులో. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ అదే ఏఎం5 అయినా, పాత బయోస్‌తో ఉన్న బోర్డు కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, బోర్డు కంపెనీ సైట్ నుంచి తెచ్చిన ఫైల్‌కి మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టి, వెనక గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే పెట్టాలి. ఫ్లాష్‌బ్యాక్ బటన్ నొక్కి పట్టుకుంటే లైటు మిణుకుమిణుకుమంటుంది. అది ఆగేదాకా పవర్ తీయకండి.

ఆ తర్వాత కూడా కాసేపు స్క్రీన్ నల్లగానే ఉంది. మళ్లీ టెన్షన్! అది డీడీఆర్5 మెమరీ ట్రెయినింగ్ అట, అంటే బోర్డు ర్యామ్‌కి సరిపడే సెట్టింగులు చూసుకోవడం, మొదటిసారి కొన్ని నిమిషాలు పడుతుంది.

ర్యామ్, పవర్ సప్లై, గ్రాఫిక్స్ కార్డు వేటిలోనూ లోపం లేదు. కార్డు మీద అనుమానం ఉంటే, ఈ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంది కాబట్టి కార్డు తీసేసి, కేబుల్ బోర్డుకే పెట్టి చూసుకోవచ్చు.

బీ650 బదులు పై స్థాయి ఎక్స్670 బోర్డు తీసుకోవాలా అన్న చర్చ నా విషయంలో అనవసరం. గేమింగ్‌కి బీ650 చాలు. కొనేముందు ఆ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందో లేదో మాత్రం చూసుకోండి, అన్ని బోర్డుల్లో ఉండదు.