"మా మా ఏదీ?": ‘మా’ అనే ఒక్క అక్షరం గురించి

నోయిడా నాన్న:
మాది తెనాలి. ఉద్యోగం కోసం నోయిడా వచ్చాం. పాపకి ఆరేళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, కానీ కింద పార్కులో పిల్లలంతా తల్లిని ‘మా’ అంటారు కాబట్టి మా పిల్లా అదే పట్టుకుంది. దసరా సెలవులకి ఊరెళ్లినప్పుడు పొద్దున్నే కళ్లు నులుముకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి "నానమ్మా, మా మా ఏదీ?" అంది. మా అమ్మ అట్టు తిరగేస్తూ "మామయ్య రేపొస్తాడే తల్లీ" అంది. పిల్ల ఒకటే ఏడుపు.

అది పెద్ద విషయం కాదు. కానీ నాతో మాట్లాడుతూ "మా బాల్కనీలో పావురం గూడు పెట్టింది నాన్నా" అంటుంది చూడండి, అప్పుడు మనసు చివుక్కుమంటుంది. ఆ బాల్కనీ నాది కూడా కదా! హిందీలో ‘హమారా’ అంటే ఎదుటివాణ్ణి కలుపుకున్నా, పక్కన పెట్టినా ఒకటే. మనకి అలా కుదరదు. మీ పిల్లలకి మా, మన తేడా ఎలా నేర్పారు? పనిలో పనిగా, ఈ ‘మా’ వేరే భాషల్లో ఏమవుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

గోదావరి పంతులమ్మ:
నాయనా, ముప్ఫై ఏళ్లు బళ్లో సంస్కృతం చెప్పాను, నాకు తెలిసింది రాస్తాను. సంస్కృతంలో ‘మా’ అంటే లక్ష్మి. ధవుడంటే భర్త, అందుకే విష్ణువు మాధవుడు. అదే ‘మా’కి ‘వద్దు’ అనే అర్థమూ ఉంది. గ్రీకులో ‘మే’ దీనికి తోబుట్టువు. వాల్మీకి నోట శోకంలోంచి వచ్చిన శ్లోకం ‘మా నిషాద’ అనే మొదలవుతుంది. ఓ బోయవాడా, నీకు నిలకడ లేకుండుగాక అని శాపం. ఆ రెండు మాటల్నీ కలిపేసి ‘మానిషాద’, అంటే లక్ష్మికి నివాసమైనవాడా అని, శాపాన్నే మంగళంగా చదివిన వ్యాఖ్యాతలు ఉన్నారు. పిల్లలకి ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించేది.

హిందీ ‘మా’ ‘మాతా’ నుంచి అరిగి వచ్చింది. చైనా భాషలో గొంతు ఎత్తు మారిస్తే అదే ‘మా’ తల్లి, జనపనార, గుర్రం, తిట్టు అని నాలుగు విధాలవుతుంది. పెదాలు కలిపి తెరిస్తే వచ్చే తేలిక శబ్దం గనక చాలా భాషల్లో అది తల్లికే దక్కింది. కానీ జార్జియా దేశంలో ‘మామా’ అంటే తండ్రి, తల్లి ‘దేదా’!

మీ అమ్మాయిని తప్పుపట్టకండి. "రామ్మా, కూర్చోమ్మా" అంటామే, అందులో చివర వినపడే ‘మా’ అమ్మే కదా.

జగిత్యాల బిడ్డ:
అన్నా, నేను దుబాయ్‌ల పదకొండేండ్లు జేసిన. మొదటి నెల ముచ్చట ఒకటి జెప్త. జీతం దినం క్యాంపుల అందరం లైన్ల నిలవడ్డం. ఫోర్మన్ వచ్చి చెయ్యి అడ్డం ఊపి "ఫులూస్ మాఫీ" అన్నడు. నాకు ఎర్కున్న మాఫీ రుణమాఫీనే. ఏజెంటుకు కట్టాల్సిన బాకీ మాఫైందేమో అని మస్తు సంబురపడ్డ. పక్క మంచం కేరళ అన్న నా మొఖం జూసి, మెల్లగ సముదాయించి చెప్పిండు: ‘మా’ అంటే లేదు, ‘ఫీ’ అంటే ఉన్నది, పైసల్ లేవంటున్నడని. ఆ రాత్రి ఇంటికి ఫోన్ జెయ్యలే.

మన రుణమాఫీల మాఫీ గూడ అరబ్బీ నుంచి వచ్చిందే, కని అది క్షమించుడు అనే వేరే మాట. అక్కడ నీళ్లను ‘మాయ్’ అంటరు. ఎండకాలం ట్యాంకర్ రాకుంటె "మాయ్ మాఫీ" అని క్యాంపంత ఒకటే లొల్లి. ‘మాషా అల్లా’ల ‘మా’ మల్ల వేరే, ‘ఏది’ అని. దేవుడు ఏది కోరిండో అది అన్నట్టు.

చెన్నై తెలుగు:
ఇక్కడ తమిళంలోనూ మీ సమస్య లేదు, ‘ఎంగ వీడు’ అంటే మా ఇల్లు, ‘నమ్మ వీడు’ అంటే మన ఇల్లు. మరాఠీకీ, గుజరాతీకీ కూడా ఈ తేడా ఉంది. కన్నడంలో మాత్రం ఇప్పుడు ‘నమ్మ’ ఒక్కటే. తమిళంలో ‘మా’ అంటే మామిడి. మా, కాయ్ కలిసి ‘మాంగాయ్’, దాన్ని పోర్చుగీసువాళ్లు పట్టుకెళ్తే ఇంగ్లీషు మ్యాంగో అయింది. బియ్యప్పిండి ముగ్గు ‘మాకోలం’, అక్కడ ‘మా’ పిండి.

మా వాడికి తినే వస్తువుతో నేర్పాను. మన జంతికలు అంటే నీకూ పెడతారు, మా జంతికలు అంటే పెట్టరు. అంతే, రెండు రోజుల్లో వచ్చేసింది.

నోయిడా నాన్న:
అందరికీ నమస్కారాలు. జగిత్యాల తమ్ముడూ, నీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

జంతికల ఉపాయం నిన్న రాత్రి చేశాను. అమ్మ పంపిన స్టీలు డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాం. మన జంతికలు, మా జంతికలు అని రెండుసార్లు చెప్పి చూపించాను. పిల్ల కాసేపు ఆలోచించి, డబ్బా తీసుకుని వెళ్లి వాళ్లమ్మ ఒళ్లో కూర్చుంది. మూత రెండు చేతులా గట్టిగా నొక్కి పట్టుకుని "ఇవి మా జంతికలు నాన్నా" అంది. ఈసారి తెలిసే అంది.