అగ్ని కావలి గోపురంలో రోజు ఎలా గడుస్తుంది?

ఉప్పల్ వాసి:
హైదరాబాదులో పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. అమెరికా పశ్చిమ రాష్ట్రాల అడవుల్లో, కొండ కొమ్మున కట్టిన గోపురంలో వేసవి మూడు నెలలూ ఒక్కరే ఉండి, పొగ లేస్తే కబురు చేసే కొలువు ఉందని విన్నప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. అక్కడ రోజు ఎలా గడుస్తుందో, చదువుకోవడానికి తీరిక దొరుకుతుందో లేదో, ఉపగ్రహాలున్న ఈ కాలంలో మనిషి ఎందుకో, మన నల్లమలలో ఇలాంటి పని ఉందో లేదో తెలిసినవారు దయచేసి చెప్పండి.

తార్నాక పాఠకుడు:
ఆరెగాన్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, సెలవు పెట్టి రెండు వారాలు స్వచ్ఛందంగా ఒక గోపురంలో కావలి ఉన్నాను. నాలుగు వైపులా అద్దాలున్న, పొడవూ వెడల్పూ 14 అడుగులున్న గదిలోనే మంచం, పొయ్యి. నట్టనడుమ పొగ ఏ దిక్కున ఉందో కొలిచే పరికరం, ఆస్‌బోర్న్ ఫైర్ ఫైండర్. గుండ్రటి పళ్లెం మీద ఆ ప్రాంతపు పటం, దాని చుట్టూ డిగ్రీల గుర్తులు, తిరిగే చట్రం, చట్రానికి ఒక వైపు సన్నని చీలిక, ఎదుటి వైపు నిలువు వెంట్రుక ఉంటాయి. చీలికలోంచి చూస్తూ వెంట్రుకను పొగ మొదలుకు సరిపెట్టి, డిగ్రీలు చదివి రేడియోలో చెప్పాలి; మరో గోపురం వారు కూడా తమ కోణం చెబితే, రెండు గీతలు కలిసిన చోట మంట ఉన్నట్టు.

పుస్తకం తెరవవచ్చు గాని, పావుగంటకోసారి లేచి చుట్టూ చూడవలసిందే కనుక, నేను తీసుకెళ్లిన నవల నలభై పేజీలు దాటలేదు. మొదటి మూడు రోజులు ప్రతి పొగమంచు తునకా, మట్టిరోడ్డు మీద లేచిన ప్రతి దుమ్మూ పొగలాగే కనిపించి, రెండుసార్లు తప్పుడు కబురు కూడా చేశాను. వాన వెలిసిన మర్నాడు ఏ లోయలో మంచు లేస్తుందో, ఏ మలుపులో లారీ దుమ్ము రేపుతుందో తెలిశాక గాని చూపు కుదురుకోలేదు. ఉరుములు మొదలైతే, పిడుగు విద్యుత్తు ఒంటికి సోకకుండా, కాళ్లకు గాజు తొడుగులున్న పీట ఎక్కి నిలబడి, పిడుగు ఎక్కడెక్కడ పడిందో రాసుకోవాలి. పిడుగు తగిలిన మాను లోలోపల రాజుకుని, పొగ కొన్నాళ్లకు గాని బయటపడకపోవచ్చు.

దిల్‌సుఖ్‌నగర్ విశ్రాంత ఉద్యోగి:
నేను అటవీ శాఖలో పనిచేసి విరమించాను, నల్లమలలోని అమ్రాబాద్ అడవి ఎరుగుదును. మన దగ్గర ఆకు రాలే ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా భయం. మంట పెట్టేది చాలావరకు పిడుగు కాదండి, మనిషే: ఆర్పకుండా పారేసిన బీడీ, ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద తగలబెట్టిన ఆకు, శ్రీశైలం దారిలో ఆగి వండుకున్నవారి పొయ్యి. మంట గడ్డినీ ఎండుటాకునూ పట్టుకుని నేల మీదే పాకుతుంది కనుక, వాచ్ టవర్లు ఉన్నా, అసలు పని ఫైర్ లైన్ల వెంట, అంటే మంట దాటకుండా గడ్డీ ఆకూ తీసేసిన బాటల వెంట, నడిచేవారిదే. ఇలా నడిచే ఫైర్ వాచర్లలో చెంచులు చాలామంది ఉంటారు, పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పుతారు. 2004 నుంచి భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహ సమాచారం పంపుతోంది, ఉపగ్రహంలోని విర్స్ (VIIRS) అనే పరికరం 375 మీటర్ల గడిలో వేడిని పట్టగలదు. అయితే ఉపగ్రహం తన వేళకే వస్తుంది, మబ్బు పడితే చూడలేదు.

ఉప్పల్ వాసి:
ధన్యవాదాలండి. తార్నాక గారూ, నీళ్ల సంగతి ఎలా?

తార్నాక పాఠకుడు:
దిగువ ఊట నుంచి వీపున మోసుకొచ్చుకోవడమేనండి. స్నానం మూడు రోజులకోసారి, ఒక చిన్న బకెట్టుతో; గిన్నెలు కడిగిన నీళ్లు కూడా పారబోయబుద్ధి కాదు.