ఎండాకాలం డెలివరీ బ్యాగు: బిర్యానీ, మయోనైజ్ ఒక్కదాంట్ల పెట్టొచ్చా?

క్లాక్‌టవర్_రైడర్:
అన్నలూ, నల్లగొండల మధ్యాహ్నం 43, 44 డిగ్రీలు కొడుతుంది. క్లాక్ టవర్ సెంటర్ నుంచి మర్రిగూడ బైపాస్ దిక్కు ఒక్క ఆర్డరైతే పావుగంట, రెండు కలిపి ఇస్తే ముప్పావుగంట. మూడు సంగతులు తెల్వాలె. బిర్యానీ పక్కన మయోనైజ్ డబ్బా, కూల్‌డ్రింక్ పెట్టొచ్చా? బ్యాగుల మసాలా వాసన పోతలేదు, దేంతో కడగాలె, ఎంత కలపాలె? మోషన్స్ పట్టుకుంటే ఎన్ని రోజులు బండెక్కొద్దు?

పాలమూరు_వంటిల్లు:
బ్యాగు వేడి పుట్టియ్యదు, ఉన్న వేడిని కొంచెంసేపు ఆపుతది, గంతే. సూక్ష్మజీవులు జోరుగ పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల నడుమ. ఆ నడుమ తిండి రెండు గంటల కంటే ఎక్కువ ఉండొద్దు. బయట 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన దిక్కు మార్చి నుంచి జూన్ దాకా గంట లెక్కే పట్టుకోండి. ఆ గంట మీరు పికప్ నొక్కినప్పటి సంది కాదు, వేడి 60 కిందికి దిగినప్పటి సంది. పార్శిళ్లు ముందే కట్టి ఫ్యాన్ కింద పేర్చే హోటల్ల, మీరు రాకముందే సగం గంట అయిపోయి ఉంటది. డబ్బా గోరువెచ్చగ తగిలితే వేడిది కట్టియ్యమని అడగండి. మొహమాటం వద్దు.

అన్నంతోనే అసలు తిప్పలు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు గట్టి గింజల లెక్క ఉంటయి, అన్నం ఉడికినా చావయి. అన్నం గోరువెచ్చగ ఎక్కువసేపు ఉంటే అవి మొలిచి విషం వదుల్తయి. వాంతులు చేయించే ఆ విషం మళ్ల వేడి చేసినా పోదు. "ఇంటికాడ వేడి చేసుకుంటరు తియ్" అన్న మాట అందుకే చెల్లదు.

మయోనైజ్‌ను బిర్యానీకి ఆనిస్తే ఇది సల్లారుతది, అది వేడెక్కుతది. రెండూ ఖరాబే. పచ్చి గుడ్డుతోని చేసిన మయోనైజ్‌ను మన రాష్ట్రంల 2024 అక్టోబర్ 30 సంది ఏడాదిపాటు నిషేధించిండ్రు. గుడ్డు లేనిదైనా సల్లగనే పోవాలె. సల్లటి వాటికి వేరే చిన్న బ్యాగు పెట్టుకోండి. అరలీటరు వాటర్ బాటిల్ గడ్డ కట్టించి, బట్ట చుట్టి అందుల పెడితే చాలు, జెల్ ప్యాకులు కొనక్కరలేదు.

బ్యాగు పనిచేస్తుందా అని చూడాలంటే: మూత గట్టిగుండే స్టీలు డబ్బాల లీటరు మరిగిన నీళ్లు పోసి, బ్యాగుల పెట్టి జిప్ వెయ్యండి. ముప్పావుగంటకు పుల్ల థర్మామీటర్ ముంచండి. నీళ్లే 70 కిందికొస్తే అందుల బిర్యానీ ఇంకా జల్ది సల్లారుతది. తుపాకి లెక్క ఉండే థర్మామీటర్ డబ్బా పైవేడి మాత్రమే చెప్తది, లోపలిది చెప్పది.

లైసెన్స్_పంతులు:
వాసన పోవడం లేదంటే కుట్ల దగ్గర వెండిరంగు పొర చిరిగి స్పాంజిలోకి కూర నూనె దిగిందేమో చూడండి. దిగితే ఎంత కడిగినా శుభ్రం కాదు, బ్యాగు మార్చాల్సిందే. పైన టేపు వేయడం దండగ.

పొర బాగుంటే ముందు తడిగుడ్డతో మెతుకులు తీసేయండి. గిన్నెల సబ్బు, గోరువెచ్చని నీళ్లతో జిడ్డు పోయేదాకా తుడవండి. ఉత్త నీళ్ల గుడ్డతో సబ్బు తీశాకే క్లోరిన్ నీళ్లు. జిడ్డు ఉండగానే వేస్తే క్లోరిన్ బలమంతా దానికే ఖర్చవుతుంది. 4 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం (లిక్విడ్ బ్లీచ్) లీటరు చల్లని నీళ్లకు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను. అది 200 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 200 పాళ్లు. రెండు నిమిషాలు తడిగా ఉంచి మళ్లీ నీళ్ల గుడ్డతో తుడవండి, లేకపోతే క్లోరిన్ అల్యూమినియం పొరను తినేస్తుంది. రాత్రంతా జిప్ తెరిచి ఆరబెట్టండి. తడి బ్యాగు మూసి పెడితే కడిగిన ఫలితం ఉండదు.

బ్లీచింగ్ పౌడర్ వద్దు; నిల్వలో బలం తగ్గిపోతుంది, కొలత కుదరదు. కలిపిన నీళ్లు ఆ రోజుకే. బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది. చెమట తుడుచుకునే దస్తీ బ్యాగులో వాడొద్దని వేరే చెప్పాలా!

సిస్టరక్క:
తమ్మీ, వాంతులు, మోషన్స్ పూర్తిగ ఆగినంక 48 గంటలు బండెక్కొద్దు. మాత్ర వేసి ఆపితే ఆగినట్టు కాదు, మాత్రలు అయిపోయినంక లెక్కపెట్టు. కామెర్లైతే కండ్లు పచ్చబడ్డ రోజు సంది కనీసం వారం. టైఫాయిడ్‌కు డాక్టర్ సరే అనేదాకా ఆగాలె.

శానిటైజర్ మీద భరోసా పెట్టుకోకు. వాంతులు, మోషన్స్ తెప్పించే నోరోవైరస్ మీద అది సరిగ పనిచెయ్యది, దుమ్ము జిడ్డు ఉన్న చెయ్యి మీద అసలే చెయ్యది. సబ్బుతోని 20 సెకన్లు రుద్దాలె: బాత్రూంకు పోయొచ్చినంక, పెట్రోల్ కొట్టించినంక, పికప్‌కు ముందు. వేలు తెగితే నీళ్లు దిగని ప్లాస్టర్ వేసి, పైన గ్లౌజు. చీము పట్టిన పుండుల స్టాఫిలోకోకస్ అనే బ్యాక్టీరియా ఉంటది, దాని విషం గూడ వేడికి పోదు. గ్లౌజు తొడిగి ముక్కు తుడుచుకుంటే ఒట్టి చెయ్యి కంటే ఏం మేలు?

క్లాక్‌టవర్_రైడర్:
మంచిగ సమజైంది. తొవ్వల సాంబార్ కవర్ లీకైతే వేరే కవర్ల పోసి ఇయ్యొచ్చా?

లైసెన్స్_పంతులు:
వద్దు. సీలు ఒకసారి విప్పితే తర్వాత ఏం జరిగినా మీ మీదికే వస్తుంది. ఫొటో తీసి యాప్‌లో పెట్టండి, హోటల్‌కు ఫోన్ చేసి కొత్తది కట్టించుకోండి. సాంబార్ తగిలిన పక్క ఆర్డర్ డబ్బా మూత గట్టిగా ఉంటే పైన తుడిచి ఇవ్వవచ్చు. అది కాగితం డబ్బా అయి తడిస్తే దాన్నీ మార్పించాలి. ఆ బ్యాగులో తర్వాతి ఆర్డర్ పెట్టకముందే సబ్బు గుడ్డ వేయండి, సాయంత్రం దాకా ఆగొద్దు.